సర్వర్ పడిపోయాక: ఏది పద్ధతికి, ఏది పనితనానికి

2012 ఆగస్టు 1న అమెరికా స్టాక్ మార్కెట్లు తెరుచుకున్న 45 నిమిషాల్లోనే నైట్ క్యాపిటల్ అనే బ్రోకరేజీ సంస్థ 46 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. కొత్త ప్రోగ్రామును ఎనిమిది సర్వర్లలో ఎక్కించాల్సి ఉండగా ఏడింటిలోనే ఎక్కించారు. ఎనిమిదోదానిలో 2003 నుంచి వాడకంలో లేని పాత కోడ్ మిగిలిపోయింది. మార్కెట్ తెరవగానే అది మేలుకొని, ఎవరూ అడగని ఆర్డర్లను గుట్టలుగా పంపడం మొదలుపెట్టింది. విడుదలలో జరిగిన అజాగ్రత్తకు ఉదాహరణగా ఈ కథను చాలాచోట్ల చెబుతారు. కానీ అక్కడి సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2013లో 1.2 కోట్ల డాలర్ల జరిమానా వేస్తూ ఇచ్చిన ఉత్తర్వు చదివితే, తప్పు జరిగాక నడిచిన వ్యవహారమే ఎక్కువ కలవరపెడుతుంది. ఆ ఉదయం ఎనిమిది గంటల నుంచే ఒక పొరపాటు సంకేతంతో 97 ఈమెయిళ్లు ఉద్యోగులకు చేరాయి. వాటిని హెచ్చరికలుగా చూడాల్సిన బాధ్యత ఎవరికీ అప్పజెప్పలేదు. నష్టం మొదలయ్యాక సాంకేతిక బృందం సరిగ్గా పనిచేస్తున్న ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్‌ను తీసేసింది. దాంతో ఒక్క సర్వర్‌లో ఉన్న జబ్బు ఎనిమిదింటికీ పాకింది. అలాంటి ఘడియలో సిబ్బంది ఎలా నడుచుకోవాలో చెప్పే రాతపూర్వక విధానం సంస్థలో లేదని, మార్కెట్ నడుస్తుండగానే లోపాన్ని వెతికే భారమంతా సాంకేతిక బృందం మీదే పడిందని కమిషన్ తప్పుబట్టింది.

ఆఫీసుల్లో కంప్యూటర్ వ్యవస్థలు మొరాయించినప్పుడు ఏం చేయాలో చెప్పే ప్రమాణాలకు ఇవాళ కొదవ లేదు. ఐటీ సేవల నిర్వహణకు ఐటిల్ ఉంది, ఐఎస్ఓ 20000 ఉంది, భద్రతా సంఘటనల కోసం అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ వెలువరించిన మార్గదర్శకం ఉంది, ఐఎస్ఓ 27035 ఉంది. పెద్ద ఇంటర్నెట్ కంపెనీలు తమ అలవాట్లను పుస్తకాలుగా అచ్చువేసుకున్నాయి. వీటిలో ఏది గొప్పదన్న వాదన సర్టిఫికెట్ కోర్సులు అమ్ముకునేవాళ్లకు ఉపయోగపడుతుందేమో. నన్ను పట్టి లాగే ప్రశ్న వేరు: ఒక ఇన్సిడెంట్‌లో ఏ భాగాన్ని ముందే రాసిపెట్టుకోవచ్చు, ఏ భాగాన్ని అక్కడున్నవాళ్ల పనితనానికి వదిలేయాలి? మూడున్నర దశాబ్దాల అనుభవం నుంచి తేలేది ఇది: చెడిందేమిటో, దాన్ని ఎలా బాగుచేయాలో ముందుగా రాయడం చాలామటుకు కుదరదు. ఎవరు నిర్ణయిస్తారు, ఎవరు ఎవరికి కబురు చెబుతారు, జరిగింది ఎక్కడ నమోదవుతుంది, ఏ స్థితిలో అన్నీ ఆపేయాలి అన్నవి మాత్రం ముందే రాయొచ్చు, రాయాలి, రాసినదాన్ని సాధన చేయాలి. ప్రమాణాలు ఈ రెండో పని చేసిన చోట అక్కరకొచ్చాయి. మొదటిదాన్నీ తామే చేయబోయిన చోట ఫారాల గుట్టగా మిగిలాయి.

ఐటిల్ పుట్టుక బ్రిటిష్ ప్రభుత్వ కార్యాలయాల్లో. 1980ల చివర అక్కడి కేంద్ర కంప్యూటర్, టెలికమ్యూనికేషన్ల ఏజెన్సీ ప్రభుత్వ శాఖలన్నీ తలో రకంగా కంప్యూటర్లు నడుపుతున్నాయని గమనించి, మంచి అలవాట్లను సంపుటాలుగా కూర్చడం మొదలుపెట్టింది. 1989 నుంచి వెలువడిన ఆ సంపుటాలు 30 దాటాయి. ఆ తర్వాత కుదింపులు, కొత్త కూర్పులు వచ్చి, 2019లో నాలుగో కూర్పుకు చేరింది. ఇంత సాహిత్యంలో నిజంగా విలువైన ఆలోచన ఒకటుంది. ఇన్సిడెంట్ వేరు, ప్రాబ్లమ్ వేరు అన్నదే అది. సేవ ఆగిపోవడం, లేదా నాణ్యత తగ్గడం ఇన్సిడెంట్. దాని వెనకున్న కారణం ప్రాబ్లమ్. ముందు సేవను నిలబెట్టు, కారణాన్ని తర్వాత తీరిగ్గా తవ్వు అని ఐటిల్ చెప్పింది. చూడటానికి ఇది మామూలు మాటే. కానీ ఇంజినీరు స్వభావానికి ఎదురు వెళ్లే మాట కూడా. చెడిపోయిన యంత్రం ముందు కూర్చున్న మంచి ఇంజినీరుకు ఎందుకు చెడిందో తెలుసుకోకుండా దాన్ని వదలబుద్ధి కాదు. బయట క్యూలో నిలబడ్డ ఖాతాదారుకు ఆ ఎందుకుతో పనిలేదు. ఈ రెండు కోరికల మధ్య తగవును ముందే తీర్చిపెట్టడం ప్రమాణం చేసిన అసలైన మేలు. ప్రభావం ఎంత, తొందర ఎంత అని రెండు కొలతలు వేసి ప్రాధాన్యం తేల్చే పట్టిక కూడా అదే కోవలోది: అరిచేవాడి హోదాను బట్టి కాకుండా ఎంతమంది పని ఆగిందన్నదాన్ని బట్టి వరస తేలాలని అందులోని ఉద్దేశం. మన ఆఫీసుల్లో ఎండీగారి ప్రింటర్ ఎప్పుడూ పీ-వన్ (మొదటి ప్రాధాన్యం) అవుతుందన్న సంగతి వేరే.

ఈ మంచి ఆలోచన ఔట్‌సోర్సింగ్ ఒప్పందాల్లోకి ప్రవేశించాక రూపం మార్చుకుంది. అమెరికా, యూరప్ కంపెనీల వ్యవస్థలను హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో రాత్రి షిఫ్టుల్లో కాపుకాయాలంటే రెండు పక్షాలకూ ఒకే భాష కావాలి. ఐటిల్ ఆ భాష అయింది. ఎల్-వన్, ఎల్-టూ, ఎల్-త్రీ అంచెలు, టికెట్లు, ఎస్కలేషన్, బ్రిడ్జ్ కాల్, ఆర్‌సీఏ అన్న మాటలు మాదాపూర్, గచ్చిబౌలి ఉద్యోగుల నోట తెలుగు మాటల్లాగే దొర్లుతాయి. ఉమ్మడి భాష ఉండటం చిన్న సంగతి కాదు. ఎదుటివాడి ముఖం ఎప్పుడూ చూడని రెండు బృందాలు అర్ధరాత్రి మూడు ముక్కల్లో అర్థం చేసుకోగలగడం దాని చలవే. అయితే ఒప్పందంలో చేరిన ప్రతి అడుగూ లెక్కకు వస్తుంది, లెక్కకు వచ్చినదానికే మనుషులు పనిచేస్తారు. టికెట్ తమ వరుసలో ఉన్నంతసేపే గడియారం నడుస్తుంది గనక దాన్ని పక్క బృందానికి నెట్టేయడం తెలివైన పని అవుతుంది. ఖాతాదారును ఒక ప్రశ్న అడిగి 'జవాబు కోసం వేచి ఉన్నాం' అన్న స్థితిలో పెడితే గడియారం ఆగిపోతుంది. పద్ధతి ప్రకారం అందరూ సవ్యంగానే ఉంటారు, సేవ మాత్రం పడి ఉంటుంది. ఎవరికి వారే యమునా తీరే అన్న చందం.

భద్రతా సంఘటనల పద్ధతులు వేరే దారిన వచ్చాయి. 1988 నవంబరు 2న మోరిస్ వార్మ్ అప్పటి చిన్న ఇంటర్నెట్‌ను అతలాకుతలం చేసింది. వేర్వేరు విశ్వవిద్యాలయాల్లో నిపుణులు విరుగుడు కనిపెట్టారు గానీ ఒకరికొకరు చెప్పుకోవడానికి దారి లేకపోయింది, ఎందుకంటే చెప్పుకోవాల్సిన మార్గమే దాడికి గురైంది. అదే నెలలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొదటి సెర్ట్ (కంప్యూటర్ అత్యవసర స్పందన బృందం) సమన్వయ కేంద్రం ఏర్పడింది. అక్కడ తక్కువైంది నైపుణ్యం కాదని, సమన్వయం అని ఆ పేరే చెబుతుంది. నిస్ట్ 2004లో తొలిసారి వెలువరించి 2012లో సవరించిన మార్గదర్శకం పనిని నాలుగు దశలుగా చెప్పింది: సన్నద్ధత, పసిగట్టి విశ్లేషించడం, అదుపుచేసి తొలగించి కోలుకోవడం, ఆపైన పాఠాలు తీయడం. 2025 ఏప్రిల్‌లో వచ్చిన మూడో సవరణ ఈ నాలుగు దశల చక్రాన్ని వెనక్కి నెట్టి, ఇన్సిడెంట్ స్పందనను సంస్థ మొత్తం భద్రతా నిర్వహణలో కలిపేసింది. దాడులు ఏదో ఒకనాడు వచ్చి పోయే సంఘటనలుగా లేవని, ఎడతెగని స్థితి అయ్యాయని ఒప్పుకోవడమే ఇది.

ఈ రెండు సంప్రదాయాలకూ ఒకచోట తగవు వస్తుంది. సేవను తొందరగా లేపు అని ఐటిల్ అంటుంది. ఆధారాలు చెరపకు అని భద్రతా పద్ధతి అంటుంది. దాడికి గురైన సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తే మెమరీలో ఉన్న జాడలన్నీ పోతాయి. చేయకుంటే ఆసుపత్రిలో రోగుల చీటీలు ఆగిపోతాయి. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగినప్పుడు ఐదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల సమాచారానికి తాళం పడిపోయింది. దాదాపు రెండు వారాలు ఓపీ, అడ్మిషన్లు, పరీక్షల రిపోర్టులు చేతిరాత మీద నడిచాయి. నెట్‌వర్క్‌ను సరిగా విభజించుకోకపోవడం వల్ల ఇది జరిగిందని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. ఇలాంటి వేళ ఆధారాలా, సేవా అన్న ప్రశ్నకు ఏ ప్రమాణమూ అన్ని చోట్లకూ సరిపోయే జవాబు ఇవ్వలేదు. ఆ జవాబు ఎవరి నోట రావాలో మాత్రం ముందే చెప్పగలదు. ఆసుపత్రిలో అయితే ఆ మనిషి కంప్యూటర్ విభాగాధిపతి ఒక్కడే కాకూడదని, వైద్య సూపరింటెండెంట్ కూడా ఉండాలని రాసిపెట్టుకోవడం గొప్ప సాంకేతిక విద్యేమీ కాదు. అయినా చాలా సంస్థల విధాన పత్రాల్లో ఫైర్‌వాల్ నియమాలు పేజీలకొద్దీ ఉంటాయి, ఈ ఒక్క వాక్యం ఉండదు.

మూడో సంప్రదాయం కంప్యూటర్లతో సంబంధం లేని చోట పుట్టింది. అందుకేనేమో నాకు అన్నిటికన్నా స్పష్టంగా తోస్తుంది. 1970 శరదృతువులో దక్షిణ కాలిఫోర్నియాలో 13 రోజుల పాటు అడవులు తగలబడ్డాయి. 16 మంది చనిపోయారు, 700 కట్టడాలు బూడిదయ్యాయి, 5 లక్షలకు పైగా ఎకరాలు కాలిపోయాయి. తర్వాత సమీక్షించుకుంటే నీళ్లు, బండ్లు, మనుషుల కొరత కన్నా పెద్ద లోపం ఇంకోటి బయటపడింది. అగ్నిమాపక సంస్థలు ఒకే వస్తువును తలో పేరుతో పిలిచాయి, ఒకరి రేడియోలు ఒకరికి అందలేదు, ఎవరు ఎవరి మాట వినాలో తెలియలేదు. దానికి మందుగా ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్ తయారైంది. మంటను ఎలా ఆర్పాలో అది చెప్పదు. ఒక కమాండర్ ఉండాలి, ఒక మనిషికి ఒక్కరే పైవారు ఉండాలి, అందరికీ ఒకే మాటలు ఉండాలి, బాధ్యత చేతులు మారితే నోటితో చెప్పి మార్చుకోవాలి అని చెబుతుంది. గూగుల్ దీన్నే తన అవసరానికి మలుచుకుంది. 2016లో ఆ సంస్థ ఇంజినీర్లు ప్రచురించిన 'సైట్ రిలయబిలిటీ ఇంజినీరింగ్' పుస్తకంలో ఒక అధ్యాయమంతా దీని మీదే ఉంది. అందులోని నియమాల్లో కీలకమైంది, కమాండ్ చేసే పని, వ్యవస్థను సరిచేసే పని వేర్వేరు చేతుల్లో ఉండాలన్నది. వ్యవస్థలో మార్పులు చేసే చేయి ఒకటే ఉండాలి, కబుర్లు చెప్పే నోరు వేరే ఉండాలి. నైట్ క్యాపిటల్ గదిలో ఈ ఏర్పాటు ఉంటే ఏడు సర్వర్ల మీది కోడ్ తీసేసే ముందు 'ఎందుకు తీస్తున్నాం, తీస్తే ఏమవుతుంది' అని అడిగేందుకు ఖాళీగా ఒక బుర్ర ఉండేది. నష్టం తప్పేదని ఖాయంగా చెప్పలేం. అడగడం అన్నది ఒకరి పని అయ్యేది.

ఇక్కడ ఎదురయ్యే మొదటి అభ్యంతరం గట్టిదే. కాగితం మీద ఇవన్నీ ఉన్న సంస్థలు కూడా చతికిలబడ్డాయి కదా? పడ్డాయి. 2017 మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకి, మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లను సైతం తాకింది. గట్టి దెబ్బ తిన్నవాటిలో బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ ఒకటి. ఇంగ్లండ్‌లోని 236 ట్రస్టుల్లో 80 ప్రభావితమయ్యాయి. అక్కడి నేషనల్ ఆడిట్ ఆఫీసు అదే ఏడాది అక్టోబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం, సైబర్ దాడి వస్తే ఎవరేం చేయాలో చెప్పే ప్రణాళిక ఆరోగ్య శాఖ దగ్గర ఉంది. స్థానిక స్థాయిలో దాన్ని ఒక్కసారీ పరీక్షించలేదు. దాడి మొదలయ్యాక నాయకత్వం ఎవరిదో వెంటనే తేలలేదు. ఈమెయిల్ ఆగిపోతే సిబ్బంది సొంత ఫోన్లలో వాట్సాప్ ద్వారా మాట్లాడుకున్నారు. ఇంకాస్త చేదైన ఉదాహరణ అట్లాసియన్‌ది. ఇన్సిడెంట్లు నడిపే సాఫ్ట్‌వేర్ అమ్ముతూ, ఇన్సిడెంట్ ఎలా నడపాలో చెప్పే కరదీపిక కూడా ప్రచురించిన సంస్థ అది. 2022 ఏప్రిల్ 5న పాత అప్లికేషన్‌ను తీసేయబోయి, తప్పుడు గుర్తింపు సంఖ్యలు ఇచ్చిన ఒక స్క్రిప్టుతో 775 మంది వినియోగదార్ల సైట్లనే చెరిపేసింది. కొందరికి సేవ తిరిగి రావడానికి 14 రోజులు పట్టింది. బ్యాకప్‌లు ఉన్నాయి. కానీ వందల సైట్లను ఒకేసారి వెనక్కి తెచ్చే సాధన ఎన్నడూ చేయలేదు. ఖాతాదార్లకు వెంటనే కబురు చెప్పలేకపోయారు, ఎందుకంటే వాళ్లను చేరే వివరాలు చెరిగిపోయిన సైట్లతోనే పోయాయి.

ఈ రెండు ఉదాహరణలూ ప్రమాణాలు దండగని రుజువు చేస్తున్నాయా? నాకు అలా అనిపించదు. రెండు చోట్లా విఫలమైంది మరమ్మతు పరిజ్ఞానం కాదు, ముందే ఏర్పాటు చేసుకోగలిగిన సంగతులే: నాయకుడెవరు, కబురు ఏ దారిన వెళ్తుంది, ఆ దారి చెడిపోయిన వ్యవస్థ మీదే ఆధారపడి ఉందా. ఈ చివరి ప్రశ్న ఎన్నిసార్లు ఎంత పెద్ద సంస్థలను పట్టి కుదిపిందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్-త్రీ నిల్వ సేవ ఒక తప్పుడు కమాండ్ వల్ల పడిపోయినప్పుడు, సేవలు ఎలా ఉన్నాయో చూపించే వాళ్ల పేజీ కూడా దాని మీదే ఆధారపడి ఉండటంతో అంతా బాగున్నట్టే కొంతసేపు చూపించింది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు మాయమైంది. లోపాన్ని సరిదిద్దాల్సిన లోపలి పరికరాలూ అదే నెట్‌వర్క్ మీద ఉండటంతో ఇంజినీర్లు డేటా సెంటర్లకు స్వయంగా వెళ్లాల్సి వచ్చింది. ఇలా ఒకదాని మీద ఒకటి ఆధారపడే లంకెలను కాగితం మీది ప్రణాళిక చదివి పట్టుకోవడం కష్టం. ఒక పూట ఈమెయిల్ లేదనుకుని నటించి చూస్తే పట్టుబడతాయి. ప్రమాణం ఉందా అని అడిగే ఆడిటర్లు దాన్ని చివరిసారి ఎప్పుడు ఆడి చూశారని అడగడం మొదలుపెడితే సగం సర్టిఫికెట్లు గోడ దిగిపోతాయి.

రెండో అభ్యంతరం అనుభవజ్ఞులైన ఇంజినీర్ల నుంచి వస్తుంది. ప్రతి పెద్ద ఇన్సిడెంటూ కొత్తదే, రాసిపెట్టిన అడుగులు అప్పుడు కాళ్లకు అడ్డం పడతాయి అంటారు. ఇందులో నిజం ఉంది, ఆ నిజమే ఈ వ్యాసం వాదన కూడా. 2017 జనవరి 31 రాత్రి, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు అలసటలో తప్పు సర్వర్ మీద తొలగింపు ఆదేశం ఇచ్చి సుమారు 300 గిగాబైట్ల డేటాబేస్‌ను చెరిపేశాడు. బ్యాకప్‌కు ఐదు ఏర్పాట్లున్నాయి, ఐదూ అక్కరకు రాలేదు. ఒకటి సాఫ్ట్‌వేర్ వెర్షన్ తేడా వల్ల కొంతకాలంగా విఫలమవుతూ ఉంది. ఆ సంగతి చెప్పాల్సిన ఈమెయిళ్లను మెయిల్ సర్వర్ తిరస్కరిస్తూ వచ్చింది. ఆరు గంటల ముందు వేరే పని కోసం ఎవరో చేతితో తీసిన స్నాప్‌షాట్ దక్కకపోతే ఇంకెంత పోయేదో. ఈ వరసను, అడుగులు ముందే రాసిపెట్టే ఏ రన్‌బుక్కూ ఊహించి రాయలేదు. అయినా ఆ సంస్థ ఒక పని చేసింది. ఏం చేస్తున్నామో ఎప్పటికప్పుడు బహిరంగ పత్రంలో రాసింది, బాగుచేస్తున్న తీరును యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది, తర్వాతి నివేదికలో ఆ ఇంజినీరు పేరు బయటపెట్టలేదు. మరమ్మతు మొత్తం అప్పటికప్పుడు అల్లుకున్నదే. దాని చుట్టూ ఉన్న రాత, మాట మాత్రం ఒక క్రమంలో నడిచాయి. రోజూ వచ్చే పాస్‌వర్డ్ సమస్యలకు, డిస్క్ నిండిపోవడానికి అడుగులు రాసిపెట్టుకోవడం మంచిదే, ఎవరూ కాదనరు. ఆ అడుగుల పుస్తకాన్ని చూసి, పెద్ద ఇన్సిడెంట్‌కు కూడా సిద్ధంగా ఉన్నామనుకోవడమే భ్రమ.

కొలతల దగ్గర నేను మరికాస్త కటువుగా ఉంటాను. సగటు పునరుద్ధరణ సమయం, అంటే ఎంటీటీఆర్, ప్రతి నెలా మేనేజ్‌మెంట్ ముందు పెట్టే మొదటి అంకె. గూగుల్ ఇంజినీరు స్టెపాన్ డేవిడోవిచ్ 2021లో నిజమైన ఇన్సిడెంట్ల సమాచారం తీసుకుని లెక్కగట్టి చూపించాడు: ఇన్సిడెంట్ల వ్యవధుల్లో ఎగుడుదిగుడు ఎంత ఎక్కువంటే, ఏ మెరుగుదలా చేయకపోయినా సగటు దానంతట అదే గణనీయంగా పెరగొచ్చు, తగ్గొచ్చు. ఈ నెల సగటు తగ్గింది గనక మన కొత్త పద్ధతి పనిచేసిందని చెప్పడానికి ఆధారం ఉండదు. ఒప్పందపు లక్ష్యాల (ఎస్‌ఎల్‌ఏల) సంగతి మరీ వింత. నివేదికలో అన్ని గడులూ ఆకుపచ్చగా ఉండి వాడేవాళ్లు మాత్రం మండిపడుతుంటే, పరిశ్రమలోనే దాన్ని పుచ్చకాయ ఎస్‌ఎల్‌ఏ అని వెక్కిరిస్తారు. పైన పచ్చన, కోస్తే ఎర్రన. 'మరి కొలవకుండా డబ్బు ఎలా చెల్లించాలి' అని ఒప్పందాలు చూసేవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కొలవొద్దని కాదు, ఏది కొలవాలన్నదే తగవు. సాధన ఎన్నిసార్లు జరిగింది, బ్యాకప్ నుంచి నిజంగా తిరిగి తెచ్చి చూశారా, పోయిన ఇన్సిడెంట్ తర్వాత చేస్తామన్న మార్పుల్లో ఎన్ని పూర్తయ్యాయి అన్నవి లెక్కపెట్టదగినవే. పైగా ఇవి సరఫరాదారు చేతిలో ఉన్నవి. ఇన్సిడెంట్ ఎంతసేపు సాగుతుందన్నది చాలామటుకు ఎవరి చేతిలోనూ లేనిది.

ఇక ఆర్‌సీఏ. మూలకారణ విశ్లేషణ అనే ఈ పత్రం మన కార్యాలయాల్లో మొక్కుబడిగా మారిన తీరు చూస్తే బాధ కలుగుతుంది. కారణం గడిలో 'మానవ తప్పిదం', పరిష్కారం గడిలో 'సంబంధిత ఉద్యోగికి శిక్షణ ఇచ్చాం' అని రాసి ఫైలు మూసేస్తారు. రిచర్డ్ కుక్ అనే వైద్యుడు 1998లో రాసిన చిన్న పత్రం, సంక్లిష్ట వ్యవస్థలు ఎలా విఫలమవుతాయో 18 ముక్కల్లో చెప్పింది. పెద్ద ప్రమాదానికి ఒకే కారణం ఉండదని, ఎన్నో చిన్న లోపాలు కలిసొస్తేనే అది జరుగుతుందని దాని సారం. 2012లో ఎట్సీ సంస్థలో పనిచేస్తున్న జాన్ ఆల్‌స్పా, నిందలేని సమీక్ష అనే పద్ధతిని సాఫ్ట్‌వేర్ రంగంలో ప్రచారంలోకి తెచ్చాడు: తప్పు చేసిన మనిషికి ఆ క్షణాన అదే సరైన పనిగా ఎందుకు కనిపించిందో చెప్పనివ్వండి, శిక్ష భయం ఉంటే చెప్పడు. దీనికి ఎదురయ్యే మాట తెలిసిందే, బాధ్యత ఎవరిదీ కాకుండా పోతుందని. నేననుకోవడం, బాధ్యత పోదు, అడుగు పైకి జరుగుతుంది. ఒక్క అక్షరం తప్పుకే సేవ అంతా కూలిపోయేలా వ్యవస్థను కట్టినవాళ్లు, దాన్ని ఆమోదించినవాళ్లు జవాబు చెప్పాల్సి వస్తుంది. నిందలేని సమీక్షలంటే పైవాళ్లకు అంతగా రుచించకపోవడానికి బహుశా ఇదీ ఒక కారణం. కావాలని చేసిన ద్రోహం, పదేపదే చేసిన నిర్లక్ష్యం వేరు. వాటికి క్రమశిక్షణ చర్యల దారి ఎలాగూ ఉంది. మన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. పైవాడికి చెడు కబురు చెప్పడం అమర్యాదగా తోచే వాతావరణంలో, 'సార్, ఆపేద్దాం' అనే మాట జూనియర్ నోట రావాలంటే ఆ హక్కు అతనికి లిఖితంగా ఉండాలి. మర్యాదలు ఎక్కువున్న చోట రాతపూర్వక పద్ధతి అవసరం ఇంకా పెరుగుతుంది.

చట్టం కూడా ఈ రంగంలోకి దిగింది. భారత ప్రభుత్వ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, 20 రకాల సైబర్ సంఘటనల్లో ఏది కంటపడినా ఆరు గంటల్లోగా తెలియజేయాలి. లాగ్‌లను 180 రోజులు దాచాలి, కంప్యూటర్ల గడియారాలను జాతీయ కాలమానంతో కలపాలి. యూరప్ డేటా రక్షణ చట్టం 72 గంటలు ఇస్తుంటే ఇక్కడ ఆరే గంటలా అని పరిశ్రమ గొంతెత్తింది. రెండూ ఒకటి కావు, అక్కడిది వ్యక్తిగత సమాచారం పోవడం గురించి, ఇక్కడిది సంఘటన గురించి. అయినా ఆరు గంటల్లో ఏం జరిగిందో తేలకపోవడం సహజమే. తేలకముందే ఫలానా జరుగుతున్నట్టుంది అని చెప్పగలిగే మనిషి సంస్థలో ఎవరన్నదే నియమం అసలు పరీక్షించేది. న్యాయ విభాగం, ప్రచార విభాగం, డైరెక్టర్ల అనుమతుల చుట్టూ తిరిగే సంస్థకు ఆరు గంటలు చాలవు, అరవై ఆరైనా చాలవు. బ్యాంకుల విషయంలో రిజర్వు బ్యాంకు ఇంకా కఠినంగా వెళ్లింది. డిజిటల్ సేవలు పదేపదే ఆగిపోవడంతో 2020 డిసెంబరులో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకును కొత్త డిజిటల్ సేవలు, కొత్త క్రెడిట్ కార్డులు ఇవ్వకుండా నిలిపివేసింది. ఆ ఆంక్షలు పూర్తిగా తొలగడానికి 2022 మార్చి దాకా పట్టింది. ఇన్సిడెంట్ అన్నది కంప్యూటర్ విభాగం సొంత గొడవ అని బోర్డులు ఇక అనుకోలేవు.

చిన్న సంస్థల మాటేమిటి? విజయవాడలో 20 మందితో నడిచే అకౌంటింగ్ ఆఫీసు ఐటిల్ సంపుటాలు చదవదు, చదవనక్కర్లేదు. దానికి కావాల్సింది గోడకు అతికించిన ఒక కాగితం: వ్యవస్థ ఆగితే మొదట ఎవరికి ఫోన్ చేయాలి, ఆయన దొరక్కపోతే ఎవరికి, ఎవరి మాట మీద నెట్‌వర్క్ తీగ పీకేయాలి, క్లయింట్లకు ఎవరు చెబుతారు, ఆ పూట పని చేత్తో ఎలా సాగుతుంది. చివరిదాన్ని తేలిగ్గా తీసేయకండి. 2024 జులై 19న భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడేసింది. మన సమయం ప్రకారం ఉదయం 9.39కి వెళ్లిన దాన్ని 10.57కి వెనక్కి తీసుకున్నారు. 78 నిమిషాల్లో తప్పు దిద్దినట్టే. పడిపోయిన కంప్యూటర్లను మాత్రం ఒక్కొక్కదాని దగ్గరికి మనిషి వెళ్లి లేపాల్సి వచ్చింది. తాళం వేసిన డిస్కుల తాళంచెవులు కొన్నిచోట్ల పడిపోయిన సర్వర్లలోనే ఉన్నాయి. డెల్టా ఎయిర్‌లైన్స్ ఐదు రోజుల్లో 7,000 విమానాలు రద్దు చేసుకుంది. ఆ ఉదయం హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఇండిగో ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది, జనం నవ్వుకున్నారు. ఇండిగో కూడా ఆ రోజు చాలా విమానాలు రద్దు చేసింది, నిజమే. కానీ ఆ చేతిరాత చీటీని పట్టుకుని ఒక మనిషి విమానం ఎక్కగలిగాడంటే, కంప్యూటర్ లేనప్పుడు పని ఎలా సాగాలో ఎవరో ముందే ఆలోచించి పెట్టారన్నమాట.

ఇప్పుడు వినిపిస్తున్న కొత్త అభ్యంతరం, ఇదంతా త్వరలో యంత్రాలే చూసుకుంటాయన్నది. హెచ్చరికలను వడపోసి, టికెట్లు తామే మూసేసి, ఆర్‌సీఏ చిత్తుప్రతి కూడా రాసిపెట్టే సాధనాలు మార్కెట్లో ఉన్నాయి. రోజువారీ ఇన్సిడెంట్లలో వాటివల్ల మేలు జరుగుతుందని నమ్మడానికి నాకేమీ అడ్డు లేదు. కానీ బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త లిజాన్ బెయిన్‌బ్రిడ్జ్ 1983లోనే ఫ్యాక్టరీల ఆటోమేషన్ గురించి ఒక సంగతి ఎత్తిచూపారు: సులువైన పనిని యంత్రానికి ఇచ్చేస్తే మనిషికి కష్టమైనదే మిగులుతుంది, దాన్ని చేయడానికి కావాల్సిన రోజువారీ సాధన మాత్రం చేజారిపోతుంది. హైదరాబాద్, విశాఖ సపోర్ట్ సెంటర్లలో ఇప్పుడు ఎల్-త్రీ బ్రిడ్జ్ కాల్స్ నడుపుతున్నవాళ్లలో చాలామంది ఎల్-వన్‌లో వేల టికెట్లు చూసి ఆ చోటికి వచ్చినవాళ్లే. ఏ హెచ్చరిక ఉత్తదో, ఏది ఉపద్రవమో చెవికి తెలియడం అక్కడే మొదలైంది. ఆ మెట్టును సాఫ్ట్‌వేర్ మింగేస్తే, పదేళ్ల తర్వాత అర్ధరాత్రి 'ఆపేయండి' అని చెప్పగలిగే కమాండర్ ఎక్కడ తయారవుతాడన్న ప్రశ్నకు ఐటిల్‌లో గానీ నిస్ట్‌లో గానీ జవాబు లేదు. ఎల్-వన్ సీట్లు తగ్గించి మిగిల్చిన డబ్బులో ఎంత సాధనకు పెడుతున్నామో ఏ కంపెనీ నివేదికలోనూ ప్రస్తుతానికి గడి కూడా లేదు.